మన పిల్లల లెక్క మన చేతిలో ఉండాలి

(పశ్చిమ ప్రకాశం గూడేల యువత మార్కాపురంలో కలిసినప్పుడు మాట్లాడిన మాటలు ఇవి. రాలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం. చదివి మీ గూడెంలో నలుగురికి వినిపించండి.)



దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు, అర్ధవీడు, గిద్దలూరు, రాచర్ల వైపు నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వందనాలు. పని మానుకుని, కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఇక్కడున్నారు. అందుకే ఎక్కువసేపు తీసుకోను.

మైకు ఇస్తే భూమి గురించో, పట్టాల గురించో, ఫారెస్టు వాళ్లతో గొడవల గురించో మాట్లాడతాననుకున్నారు కదా. అవి ఎప్పుడూ మాట్లాడతాం. ఈరోజు ఆరేళ్ల లోపు పిల్లల గురించి మాట్లాడదాం. "అది ఆడవాళ్ల సంగతి, అంగన్‌వాడీ టీచరమ్మ సంగతి, మనకెందుకు" అని వెనకాల కూర్చున్న తమ్ముళ్లు అనుకుంటూ ఉండొచ్చు. భూమి ఎంత హక్కో ఇది కూడా అంతే హక్కు. కాకపోతే భూమి కోసం పదేళ్లు తిరిగైనా తెచ్చుకోవచ్చు. రెండేళ్ల బిడ్డకు పోయిన రెండేళ్లు ఏ కలెక్టరూ తిరిగి ఇవ్వలేడు.

ముందు ఒక చిన్న ప్రశ్న. మీ గూడెంలో ఆరేళ్ల లోపు పిల్లలు ఎంతమంది ఉన్నారు? పేర్లతో చెప్పగలరా? అందులో ఎంతమంది ఈ నెల బరువు తూగారు? నెలలు నిండుతున్న అక్క ఎవరు? ఇక్కడున్న మనలో చాలామందికి ఐపీఎల్ టీముల పేర్లు, ఆటగాళ్ల పేర్లు వరసగా వస్తాయి. ఈ లెక్క రాదు. మరి ఎవరి దగ్గర ఉంది? ఆశా దగ్గర రిజిస్టరులో ఉంది, అంగన్‌వాడీ టీచర్ ఫోన్‌లో ఉంది, ఐటీడీఏ ఫైల్లో ఉంది. గూడెంలో తప్ప అన్నిచోట్లా ఉంది. మన బిడ్డల లెక్క మన దగ్గర లేనప్పుడు, ఆ లెక్క తప్పని కూడా మనం చెప్పలేం.

ఎందుకు ఇంత చిన్న వయసు గురించి పట్టుబడుతున్నానో చెప్తా. కడుపులో తొమ్మిది నెలలు, పుట్టాక రెండేళ్లు కలిపితే సుమారు వెయ్యి రోజులు. మనిషి మెదడు అన్నిటికన్నా వేగంగా పెరిగే కాలం ఇదే. అప్పుడు తిండి తగ్గినా, మాటిమాటికీ విరేచనాలూ జ్వరాలూ వచ్చినా బిడ్డ ఎత్తు ఆగిపోతుంది. ఎత్తుతో పాటు నేర్చుకునే శక్తి కూడా దెబ్బ తింటుంది. ఒకప్పుడు దేశంలో ఎక్కడెక్కడి బడులకో పలకలు పంపిన ఊరు ఈ మార్కాపురం. ఆ ఊరి పక్క అడవిలో పుట్టిన మన పిల్లలు పలక పట్టేనాటికే వెనకబడి ఉంటే, ఆ తర్వాత ఎన్ని ఆశ్రమ పాఠశాలలు పెట్టినా ఎంతవరకు పూడుతుంది?

తిండి ఒక్కటే సరిపోదు. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో ఐదు విషయాలు చెప్పాయి. బిడ్డకు ఆరోగ్యం, సరైన తిండి, భద్రత, ప్రేమగా పట్టించుకునే మనిషి, ఆటపాటలతో నేర్చుకునే అవకాశం. ఈ ఐదూ కలిస్తేనే ఎదుగుదల. చివరి రెండింటికీ పైసా ఖర్చు లేదు. కానీ మనిషి కావాలి, సమయం కావాలి.

దీనికి జమైకా దేశంలో గట్టి రుజువు ఉంది. అక్కడ 1980ల్లో ఎత్తు పెరగక ఆగిపోయిన 129 మంది పేద పిల్లలను తీసుకున్నారు. అందరూ 9 నుంచి 24 నెలల వయసువాళ్లు. కొందరి ఇళ్లకు వారానికి ఒక గంట, రెండేళ్ల పాటు, ఊరి ఆరోగ్య కార్యకర్త వెళ్లింది. ఇంట్లో ఉన్న డబ్బాలు, గుడ్డముక్కలతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎట్లా ఆడాలో, ఎట్లా మాట్లాడాలో తల్లికి చూపించింది. ఇరవై ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే, ఆ ఆట దొరికిన పిల్లలు పెద్దయ్యాక, దొరకని వాళ్లకన్నా సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. వెళ్లింది పెద్ద డాక్టర్ కాదు, మన ఆశా లాంటి మనిషే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఆశా మీ ఇంటికి ఎన్నిసార్లు రావాలో మీకు తెలుసా? ఆసుపత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆరుసార్లు. ఇంటి దగ్గర కాన్పు అయితే మొదటి రోజు కూడా కలిపి ఏడుసార్లు. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు ఇంకో ఐదుసార్లు. మొత్తం కలిపితే తక్కువలో తక్కువ 11 సార్లు. ఇది 2011లో, 2018లో ప్రభుత్వమే రాసుకున్న పద్ధతి. ఎవరి దయా కాదు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. తెలంగాణ సరిహద్దు దాటితే వచ్చే గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊళ్లోని ఆడవాళ్లకే పురిటిబిడ్డల సంరక్షణ నేర్పారు. వాళ్లు పనిచేసిన 39 ఊళ్లలో నెల లోపు పిల్లల చావులు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఆశా ఇంటికి రావడమనే పద్ధతికి ఆ పనే పునాది. అంటే ఈ దేశంలో పసిబిడ్డల ప్రాణాలు కాపాడే పద్ధతి ఒక ఆదివాసీ జిల్లాలో, ఊళ్లోని ఆడవాళ్ల చేతుల్లో పుట్టింది. మనకు వేరే ఎవరో నేర్పాల్సిన విద్య కాదు ఇది.

మరి ఆ 11 సార్లు మన గూడేలకు ఎందుకు అందట్లేదు? ఆశాను తిట్టడం తేలిక. ఆమె ఉండేది రోడ్డు పక్క పెద్ద ఊళ్లో. అడవి లోపల పాలుట్ల లాంటి గూడేనికి పోవాలంటే బస్సు లేదు, వానొస్తే బండి కూడా పోదు. మైదాన ప్రాంతంలో వెయ్యి మందికి ఒక ఆశా అని లెక్క. కానీ గిరిజన ప్రాంతాల్లో ఆ లెక్క సడలించి, ఆవాసానికి ఒక ఆశాను పెట్టుకోవచ్చని ఆశా మార్గదర్శకాల్లోనే ఉంది. మనం అడగాల్సింది "ఆశా ఎందుకు రాలేదు" అని కాదు. "మా గూడెం పిల్లను ఆశాగా ఎందుకు పెట్టలేదు" అని అడగాలి. టెన్త్ పాసైన చెల్లెళ్లు, ఇంటర్ చదివిన అక్కలు ఇప్పుడు మన గూడేల్లో ఉన్నారు. అర్హత లేరని ఇక చెప్పలేరు.

అంగన్‌వాడీది ఇంకో లెక్క. ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న మొదలైంది. యాభై ఏళ్లు నిండాయి. గిరిజన ప్రాంతంలో 300 జనాభా ఉంటే అంగన్‌వాడీ, 150 ఉంటే మినీ అంగన్‌వాడీ అని నిబంధన. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, కేంద్రం లేకపోతే, అడిగిన మూడు నెలల్లో పెట్టాలని 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ ముప్పై ఇళ్లున్న గూడెం ఈ లెక్కల్లో ఎక్కడ పడుతుంది? ముప్పై ఇళ్లంటే నూట ఇరవై మంది, పది పదిహేను మంది పసిపిల్లలు. 150కి తక్కువ, 40కి తక్కువ. అప్పుడు మన పిల్లల పేర్లు పక్క ఊరి సెంటర్‌లో రాస్తారు. కాగితం మీద బిడ్డ అక్కడ గుడ్డు తింటూ ఉంటాడు. నిజానికి మూడేళ్ల బిడ్డ అడవి దారిన అంత దూరం నడవలేడు.

అందుకే చెంచుల లాంటి పీవీటీజీల కోసం 2023 నవంబర్ 15న పీఎం జన్‌మన్ పెట్టినప్పుడు, ఈ ఆవాసాల కోసమే 2,500 అంగన్‌వాడీలు అన్నారు. సంచార వైద్య వాహనాలు అన్నారు. మన గూడెం పేరు ఆ జాబితాలో ఉందా లేదా? ఉంటే ఏ దశలో ఉంది? సున్నిపెంట ఐటీడీఏకి ఒక అర్జీ పెడితే తెలుస్తుంది. సమాచార హక్కు దరఖాస్తు రాయడం డిగ్రీ చదివిన మనకు పెద్ద పనా?

"అది అడవి, టైగర్ రిజర్వు, బిల్డింగ్ కట్టనివ్వరు" అని ఎవరైనా అంటే, అటవీ హక్కుల చట్టం 2006 సెక్షన్ 3(2) తీసి చూపించండి. అంగన్‌వాడీ, బడి, ఆసుపత్రి, తాగునీటి పైపులైన్, రోడ్డు లాంటి 13 రకాల అవసరాలకు హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. గుర్తుపెట్టుకోండి, మొదటి సంతకం గ్రామసభదే.

ఇక్కడ మనకు ఒక ఇబ్బంది ఉంది. కృష్ణకు అవతల అమ్రాబాద్ వైపు గూడేలు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో ఉన్నాయి. ఇవతల నల్లమలలో మన గూడేలు షెడ్యూల్ ప్రాంతంలో లేవు. ఒకే అడవి, ఒకే జాతి, నది దాటితే చట్టం మారిపోతుంది. పెసా చట్టం మనకు వర్తించదు. మన గూడేలు పెద్ద పంచాయతీల్లో ఒక మూల వార్డుగా మిగిలిపోయాయి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీ కూడా రెవెన్యూ గ్రామంలోనే ఉంటుంది. ఆ కమిటీకి ఏడాదికి 10 వేల రూపాయలు వస్తాయి, ఏం చేయాలో కమిటీనే తేల్చుకోవచ్చు. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి, శివారు ఆవాసాల వాళ్లకు చోటు ఉండాలి. మీ గూడెం నుంచి అందులో ఎవరున్నారు? ఆ మీటింగ్ ఎప్పుడు జరిగిందో ఎవరికైనా తెలుసా? అక్కడ మన అక్క ఒకరు కూర్చోకుండా "భాగస్వామ్యం" అనే మాటకు అర్థం లేదు.

ఈ మాట మార్కాపురంలో ఈ మధ్య బాగా వినబడుతోంది. ఇక్కడ కట్టడం మొదలుపెట్టిన ప్రభుత్వ మెడికల్ కాలేజీని పీపీపీ కింద ఇవ్వాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. పబ్లిక్, ప్రైవేట్ భాగస్వామ్యం అంట. ఆ రెండు 'పీ'ల మధ్య ప్రజలు ఎక్కడున్నారో వెతుక్కోవాలి. బిడ్డకు నిమోనియా వస్తే మనం పరుగెత్తేది మార్కాపురానికే. ఆ ఆసుపత్రి తలుపు ఎవరి చేతిలో ఉంటుందనేది మన గూడెం ప్రశ్న కూడా.

స్వచ్ఛంద సంస్థల భాగస్వామ్యం ఇంకోటి. మంచి సంస్థలున్నాయి, వాళ్ల మేలు మరచిపోయే జాతి కాదు మనది. కానీ చాలా ప్రాజెక్టుల ఆయుష్షు మూడేళ్లు. బ్యానర్ కడతారు, బరువులు తూస్తారు, ఫొటోలు తీస్తారు, నిధులు అయిపోగానే తూకం మిషను కూడా జీపులో పెట్టుకుని పోతారు. ఆ తర్వాత పుట్టిన బిడ్డ ఏం పాపం చేసింది? అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్‌డీటీ లాంటి పెద్ద సంస్థకే విదేశీ నిధుల అనుమతి దగ్గర చిక్కు వస్తే, 2025లో జనం రోడ్ల మీదికి రావాల్సి వచ్చింది. అంత పెద్ద చెట్టే ఊగినప్పుడు, చిన్న సంస్థల సంగతి చెప్పాలా? ఎవరు వచ్చినా చేయి కలుపుదాం. కానీ వాళ్లు వెళ్లిపోయాక గూడెంలో ఏం మిగులుతుందో ముందే అడుగుదాం. నేర్చుకున్న మనిషి మిగలాలి, పుస్తకం మిగలాలి, తూకం మిగలాలి.

మన చేతుల్లో ఉంటే ఏం జరుగుతుందో జార్ఖండ్, ఒడిశా ఆదివాసీ అక్కలు చూపించారు. ఏక్‌జుట్ అనే సంస్థ 2005 నుంచి మూడు జిల్లాల్లో నెలనెలా ఆడవాళ్లను కూర్చోబెట్టింది. నడిపింది ఆ ప్రాంతపు అమ్మాయే. మందులు పంచలేదు. బొమ్మల కార్డులు, కథలు పెట్టుకుని, మన దగ్గర పురిటిబిడ్డ ఎందుకు పోయింది, ఈసారి ఏం చేద్దాం అని వాళ్లే మాట్లాడుకున్నారు. రెండో, మూడో ఏడాదికి నెల లోపు బిడ్డల చావులు 45 శాతం తక్కువగా ఉన్నాయి. ఇది 2010లో లాన్సెట్‌లో వచ్చింది. మాట్లాడుకోవడం కూడా వైద్యమే అని అందులో తేలింది.

ఇప్పుడు అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడే పిల్లల దగ్గరికి వస్తా. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు. మూడేళ్లు దాటితే అంగన్‌వాడీలో కూర్చుని అన్నం తినొచ్చు. మూడేళ్ల లోపు వాళ్లకు బాలామృతం ప్యాకెట్ ఇంటికి ఇస్తారు. సరే, ఇంట్లో ఎవరున్నారు? అమ్మ బంకకో, గడ్డలకో, కట్టెలకో అడవికి పోయింది. లేకపోతే ఉపాధి పనికి పోయింది. మిరపకాయల కోతలొస్తే గుంటూరు, పల్నాడు వైపు గూడెం సగం ఖాళీ. బిడ్డ ఏడేళ్ల అక్క చంకలో ఉంటుంది. ఆ అక్క బడికి పోదు, ఈ బిడ్డకు సరిగా తిండి ఉండదు. రెండేళ్ల బిడ్డ పొట్ట చిన్నది. రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా, మెత్తగా చేసి, ఎవరో ఒకరు కూర్చుని తినిపించాలి. ప్యాకెట్ తినిపించదు, మనిషి తినిపించాలి.

ఛత్తీస్‌గఢ్‌లో సర్గుజా వైపు 2012 నుంచి ఫుల్వారీలు నడిపారు. ఊళ్లో తల్లులే వంతులు వేసుకుని, మూడేళ్ల లోపు పిల్లలను పగలంతా చూసుకుని వండిపెట్టారు. డబ్బు తల్లుల బృందానికి వచ్చింది. మన దేశంలోనే ఇప్పుడు పాల్నా పేరుతో అంగన్‌వాడీతో పాటు శిశు సంరక్షణ కేంద్రం పెట్టే పథకం ఉంది. చెంచు గూడేనికి ఇంతకన్నా అవసరమైనది ఇంకేముంది? గూడెంలో ఇద్దరు అవ్వలు, ఒక అక్క, ఒక నీడ, ఒక పొయ్యి చాలు. అడగాల్సింది ఇది. వలస పోయేవాళ్లకు కూడా చెప్పండి, పోయిన చోట ఉన్న అంగన్‌వాడీలో బిడ్డ పేరు రాయించుకునే హక్కు ఉంది.

ఫోన్ల సంగతి కూడా చెప్పాలి. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే సరుకుకు ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని గూడెంలో తల్లి ముఖం ఏ టవర్ గుర్తుపడుతుంది? 2013 ఆహార భద్రతా చట్టంలో గర్భిణికి, బాలింతకు, ఆరేళ్ల లోపు బిడ్డకు తిండి హక్కు అని ఉంది. నెట్‌వర్క్ ఉంటేనే హక్కు అని లేదు. ఎవరికైనా సరుకు ఆగితే తేదీ, పేరు రాసిపెట్టుకోండి. రాసిన కాగితమే రేపు మన సాక్ష్యం.

మన వైపు నుంచి కూడా ఒక మాట. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం చాలా ఇళ్లలో ఉంది. తేనె మన ప్రాణం, మన బతుకు. కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. ఈ మాట బయటి మేడమ్ వచ్చి చెప్తే అవ్వకు కోపం వస్తుంది, "మిమ్మల్నందర్నీ పెంచింది మేమే కదా" అంటుంది. నిజమే కదా. మనవడివి నువ్వు పక్కన కూర్చుని చెప్తే వింటుంది. ఆమె దగ్గర ఉన్న జోలపాటలు, కథలు, ఆకుల పేర్లు, పిట్టల పేర్లు బిడ్డకు మొదటి బడి. అవ్వ నుంచి అవి తీసుకుందాం, అవ్వకు ఇది చెప్దాం. భాగస్వామ్యం రెండు వైపులా ఉండేది ఇట్లాగే.

చివరగా మూడు పనులు. పెద్ద పనులేం కాదు.

ఒకటి. గూడేనికి ఒక నోటు పుస్తకం. అందులో ప్రతి గర్భిణి, ఆరేళ్ల లోపు ప్రతి బిడ్డ పేరు. ఆశా వచ్చిన తేదీలు, బరువు, టీకా, సరుకు వచ్చిందా లేదా. చేతి చుట్టుకొలత టేపు ఆశా దగ్గర అడిగి నేర్చుకోండి. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి. 12.5 లోపు ఉంటే కళ్లలో వత్తులు వేసుకుని చూసుకోవాలి. ఈ పుస్తకం తల్లుల ముందే చదవాలి, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టకూడదు. బిడ్డ బరువు ఊరందరికీ చాటే విషయం కాదు.

రెండు. నెలకోసారి గూడెం మీటింగ్. తల్లులు, అవ్వలు ముందు వరసలో. ఆశాను, ఏఎన్ఎంను, టీచర్‌ను పిలవండి. తిట్టడానికి పిలవొద్దు. వాళ్లకు మన దారి కష్టం, మనకు వాళ్ల జీతం కష్టం తెలియాలి. పుస్తకంలో తేలిన లోటును అర్జీగా రాసి, రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాలిలో మాట.

మూడు. ఇది నా వయసు మగపిల్లలకు. వారానికి ఒక గంట మీ గూడెంలో చిన్నపిల్లలతో కూర్చోండి. గింజలు లెక్కపెట్టించండి, పిట్ట కూత కూయించండి, అవ్వతో కథ చెప్పించండి. బిడ్డను ఎత్తుకుంటే మగతనం తగ్గదు. అడవిలో పిల్లను భుజాన ఎక్కించుకుని తేనెకు తీసుకుపోయిన తాతల మనవళ్లం మనం.

వచ్చే సమావేశానికి ప్రతి గూడెం నుంచి ఒకరు ఆ నోటు పుస్తకం పట్టుకుని రావాలి. పేర్లు బయటికి చదవొద్దు. ఎంతమంది పిల్లలు, ఆశా ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని నెలలు సరుకు అందింది, ఈ మూడు అంకెలు చాలు. అన్ని గూడేల అంకెలూ ఒకే కాగితం మీద రాసి, అందరం కలిసి సున్నిపెంట పోదాం. అప్పుడు వాళ్ల లెక్క, మన లెక్క టేబుల్ మీద పక్కపక్కన పెట్టి మాట్లాడదాం.

జై ఆదివాసీ.